నీలవేణికి నాలుగో మంచం

మేం ఇన్వర్టర్ బ్యాటరీ అడిగాం. చేపల తొట్టె వచ్చింది.

జీలుగువలస ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ఫార్మసిస్టుని. మందులు ఇవ్వడంతో పాటు కంప్యూటర్లో వివరాలు ఎక్కించడం కూడా నా పనే. ఆ పనికి వేసిన మనిషి చెల్లెలి పెళ్లికని వెళ్లి రెండేళ్లయింది. పెళ్లి ఇంకా అవుతున్నట్టుంది. డాక్టరుగారు డెప్యుటేషన్ మీద జిల్లా కేంద్రంలో ఉంటారు. శుక్రవారం వచ్చి సంతకాలు పెట్టి వెళతారు. కాన్పులు చేసేది నర్సు ఎస్తేరు రాణి. ఆవిడకి సాయం ఆయా సింహాచలమ్మ.

కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కాన్పు చేయాల్సి వస్తోందని, బ్యాటరీ ఇప్పించమని ఏడుసార్లు రాశాం. ఎనిమిదోసారి రాశాక జీపు వచ్చింది. అందులోంచి రెండడుగుల గాజు తొట్టె, గులకరాళ్ల బస్తా, నాచు మొక్కల కట్ట, ప్లాస్టిక్ సంచీలో ఆరు గప్పీ చేపలు దిగాయి. గాలి బుడగలు వదిలే చిన్న మోటారు కూడా ఇచ్చారు. అది కరెంటుతో నడుస్తుంది.

వెంట ఒక సర్క్యులర్. ‘రంగురంగుల చేపలను వీక్షించుట వలన గర్భిణీ స్త్రీల రక్తపోటు తగ్గునని నిర్ధారణ అయినందున, ప్రశాంత ప్రసూతి పథకం కింద ప్రతి ప్రసవగదిలో మంచము నుండి కనబడు ఎత్తున తొట్టెను విధిగా అమర్చవలెను.’ చేపలు పెంచడం కొత్తవాళ్లకి నేర్పే కరపత్రం ఒకటి దానికి గుచ్చి ఉంది. కుళాయి నీళ్లు ఒకరోజు నిలవ ఉంచి పోయండి, మేత చిటికెడే వేయండి, నీళ్లన్నీ ఒకేసారి మార్చకండి, అలా నాలుగు పేజీలు.

ఆరింటిలో రెండు మగవి. వాటి తోకలు జాతరలో అమ్మే విసనకర్రల్లా ఉన్నాయి. నాలుగు ఆడవి. అవి కాస్త బొద్దుగా, సాదాగా ఉన్నాయి. సింహాచలమ్మ వాటికి పేర్లు పెట్టింది. తోకలో నీలం ఉన్నది నీలవేణి. మిగతావి చుక్కమ్మ, బంగారమ్మ, పోలమ్మ.

మగవి రెండూ రెండో వారంలో చచ్చిపోయాయి.

“చిటికెడు మేతేటి బావూ, పిట్టకి కూడా సాలదు” అంది సింహాచలమ్మ. “పాపం అని సద్ది ముద్ద ఏసాను.”

నీళ్లు పాడయ్యాయి. ఆడవి గట్టివి, బతికాయి. ఎస్తేరు రాణి నాచేత కరపత్రం పైకి చదివించి, ఆ రోజు నుంచి మేత డబ్బా తన బల్ల సొరుగులో పెట్టుకుంది.

అదే వారం రెండో కాగితం వచ్చింది. వరుసగా మూడు నెలలు, నెలకి అయిదు ప్రసవాలైనా జరగని ప్రసవగదులను మూసివేసి, మంచాలను పట్నంలోని ఏరియా ఆసుపత్రికి తరలించాలి. మాకు మొదటి నెల మూడు, రెండో నెల రెండు. మూడో నెల పంతొమ్మిదో తారీకుకి ఒకటి.

కాగితం చదివి వినిపిస్తుంటే సింహాచలమ్మ చీపురు కింద పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

“మా పైడితల్లికి ఆరో నెల నడుస్తన్నాది సిస్టరమ్మా” అంది.

పైడితల్లి ఆవిడ కోడలు. తొలి కాన్పుకి ఎస్తేరు రాణి సెలవులో ఉంటే పట్నం తీసుకెళ్లారు. పట్నం ముప్ఫై ఒక్క కిలోమీటర్లు, సగం ఘాట్ రోడ్డు. మూడో మలుపు దగ్గర ఆటోలోనే కాన్పయింది. మగబిడ్డ. పట్నం చేరలేదు.

“మల్లీ ఆ దారమ్మట తీసుకెల్లలేను” అంది సింహాచలమ్మ. ఎస్తేరు రాణి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

మర్నాడే తనిఖీకి జిల్లా ప్రసవ లక్ష్యాల సమన్వయాధికారి పొట్నూరు ఫల్గుణరావుగారు వచ్చారు. ఆయన తనని తాను ‘ఈ కార్యాలయం’ అంటారు.

“మీ పనితీరు పట్ల ఈ కార్యాలయం తీవ్ర అసంతృప్తిని వ్యక్తం చేస్తోంది” అన్నారు, మజ్జిగ గ్లాసు అందుకుంటూ. “రాష్ట్రంలో మన జిల్లా కింది నుంచి రెండో స్థానం. జిల్లాలో మీరు కింది నుంచి మొదటి స్థానం.”

“ఊళ్లో ఉన్న గర్భిణులే నలుగురు సార్” అంది ఎస్తేరు రాణి. “లేనివాళ్లని ఎక్కడి నుంచి తేవాలి?”

“అది క్షేత్రస్థాయిలో మీరు ఆలోచించుకోవలసిన అంశం.”

సరిగ్గా అప్పుడు ప్రసవగదిలోంచి సింహాచలమ్మ కేక.

“ఓలమ్మో! నీలవేణి కంతన్నాది! సిస్టరమ్మా, బేగి రండి!”

ఫల్గుణరావుగారు గ్లాసు వదిలేసి మాకన్నా ముందు పరిగెత్తారు. లోపల నాలుగు మంచాలూ ఖాళీ. ఆయన మంచాల కింద కూడా వంగి చూశారు.

“ఎవరా నీలవేణి? ఎక్కడ?”

సింహాచలమ్మ తొట్టె చూపించింది. నీలవేణి నాచు పక్కన ఓ మూల ఆగి, ఉండుండి ఒళ్లు విదుల్చుకుంటోంది. విదిల్చినప్పుడల్లా కనురెప్ప వెంట్రుకంత పిల్ల ఒకటి జారి, క్షణం కిందకి దిగి, తోక ఆడించి నాచులోకి దూరుతోంది. రెండు కళ్లూ, చారెడు కంగారూ తప్ప ఏమీ లేదు దానిలో.

“చేపలు గుడ్లు పెడతాయి కదా” అన్నారు ఫల్గుణరావుగారు.

“ఇవి పిల్లల్ని కనే రకం సార్” అన్నాను. “కరపత్రం రెండో పేజీలో ఉంది.”

ఆయన కరపత్రం తెప్పించుకుని చదివారు. ఇరవై రెండు పిల్లలు పుట్టేదాకా అక్కడే నిలబడ్డారు. తర్వాత కళ్లజోడు తుడుచుకున్నారు.

“ఈ సంఘటన ఈ గదిలోనే జరిగింది కదా?”

“కళ్లారా చూశారు కదండీ” అన్నాను.

“శిక్షణ పొందిన నర్సు సమక్షంలో?”

ఎస్తేరు రాణి నావైపు చూసింది.

“కోత లేకుండా, సాధారణ పద్ధతిలో?” ఆయన నావైపు తిరిగారు. “నివేదిక నమూనా ఒకసారి తీయండి.”

తీశాను. తల్లి పేరు, వయసు, ఎన్నో కాన్పు, కాన్పు ఏ పద్ధతి, బిడ్డ బరువు. ఆయన ఒక్కో గడి మీదా వేలు పెట్టుకుంటూ చివరిదాకా వెళ్లారు.

“తల్లి మనిషి అయి ఉండవలెనని ఎక్కడైనా ఉందా?”

ఎక్కడా లేదు.

“జరిగిన ప్రసవాన్ని నమోదు చేయకపోవడం శిక్షార్హమని మాత్రం స్పష్టంగా ఉంది. తదనుగుణంగా చర్య తీసుకోండి.”

“సార్, అది చేప” అంది ఎస్తేరు రాణి.

“ఆ అభిప్రాయం మీ వ్యక్తిగతం. ఒక ప్రసూతి కేసు పట్ల వివక్ష చూపారన్న మాట ఈ కార్యాలయం దాకా రానివ్వకండి.”

నెలాఖరుకి చుక్కమ్మ, బంగారమ్మ, పోలమ్మ కూడా కనేశాయి. నాలుగూ, అసలుది ఒకటీ, మొత్తం అయిదు. ఎస్తేరు రాణి కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చుంది. కిటికీలోంచి సింహాచలమ్మ వాకిలి ఊడవడం కనిపిస్తోంది. ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

“ఎక్కించు” అంది నాతో. “దేవుడు క్షమిస్తాడు. జిల్లా కార్యాలయం మెచ్చుకుంటుంది.”

తండ్రి పేరు గడిలో ‘లేరు’ అని కొట్టాను. మగవి చచ్చిపోయినా ఆడవి నెలల తరబడి కంటూనే ఉంటాయని కరపత్రం మూడో పేజీలో ఉంది. కంప్యూటర్ అభ్యంతరం చెప్పలేదు.

ప్రసవగది నిలబడింది. నిలబడడంతో ఆగితే ఈ కథ లేదు.

తర్వాతి నెల జిల్లా పైనుంచి మూడో స్థానానికి వెళ్లింది. అయిదు కాన్పుల్లో ఎనభై ఏడు మంది శిశువులు, ఒక్క కోతా లేదు. పై నుంచి అభినందన పత్రం, ఎనభై ఏడు శిశు సంరక్షణ సంచులు వచ్చాయి. ఒక్కో సంచీలో సబ్బు, తువ్వాలు, దోమతెర, ఉన్ని టోపీ. ఎనభై ఆరు టోపీలు మందుల గదిలో పేర్చాక పారాసెటమాల్ పెట్టడానికి చోటు లేకపోయింది.

అసలు గొడవ పిల్లలు తగ్గడంతో వచ్చింది.

గప్పీ తల్లికి తన బిడ్డ అన్న పట్టింపు ఉండదు. నోటి ముందు కదిలింది మేత. నాచులో దాక్కున్నవే మిగులుతాయి. ఎనభై ఆరులో ముప్ఫై ఒకటి మిగిలాయి. వారం వారం నివేదికలో బతికున్న శిశువుల సంఖ్య అడుగుతారు. ఉన్నది కొట్టాను. మూడో రోజుకి శిశుమరణ సమీక్షా సంఘం జీపులో దిగింది. ముగ్గురు సభ్యులు, సమావేశకర్త ఫల్గుణరావుగారు.

సంఘం అధ్యక్షుడు ప్రశ్నావళి తెరిచాడు. “శిశువు చివరిసారిగా ఎవరి సంరక్షణలో ఉంది?”

“తల్లి దగ్గరే” అంది సింహాచలమ్మ.

“మరణానికి ముందు తల్లి ఏం చేసింది?”

“తినీసింది బావూ.”

అధ్యక్షుడు కలం ఆపాడు. “ఏం తిన్నది?”

“గుంటల్నే, కన్న పిల్లల్నే. యాభై అయిదు మందిని. నలుగురూ కలిసి.”

సంఘం తొట్టె చుట్టూ కుర్చీలు వేసుకుని ఒక పూటంతా పరిశీలించింది. ఒక సభ్యుడు తల్లుల వాంగ్మూలం లేకుండా నివేదిక చెల్లదన్నాడు. ‘తల్లులు మౌనం వహించారు’ అని రాసుకున్నారు. చివరికి తేల్చింది ఇది. పౌష్టికాహార లోపం వల్లే తల్లులు ఈ చర్యకు పాల్పడ్డారు. కనుక రోజూ ఉడికించిన గుడ్డు ఇవ్వాలి. తల్లీబిడ్డలకు ఒకే చోట వసతి కల్పించడం వల్ల ప్రమాదం పెరిగింది. కనుక ప్రతి తల్లికీ విడిగా మంచం కేటాయించాలి.

“మంచం నంబరు లేకుండా నాలుగు కాన్పులు ఎలా ఎక్కించారయ్యా?” అని ఫల్గుణరావుగారు నన్ను కోప్పడ్డారు. “ఇది ఘోరమైన లోపం.”

ఆ సాయంత్రమే ఊరగాయ సీసాలు నాలుగు కడిగించారు. ఒక్కో దానిలో ఒక్కో తల్లి, గుప్పెడు నాచు. ఒకటో మంచం మీద చుక్కమ్మ, రెండో దాని మీద బంగారమ్మ, మూడో దాని మీద పోలమ్మ, నాలుగో మంచం మీద నీలవేణి. నాలుగింటికీ సంచుల్లోంచి తీసిన దోమతెరలు కట్టారు. మంచం తలవైపు కేసు షీట్లు తగిలించారు. నీలవేణి జ్వరం గడిలో ‘సాధారణం’ అని రాసి ఎస్తేరు రాణి సంతకం పెట్టింది. పిల్లలు తొట్టెలో హాయిగా పెరిగాయి.

“మరి వీళ్లని డిశ్చార్జి ఎప్పుడు చేయాలి సార్?” అని అడిగాను.

“నిబంధన ప్రకారం. నలభై ఎనిమిది గంటల తర్వాత, తల్లి బొటనవేలి ముద్ర తీసుకుని.”

అలా మంచాలు నిండిపోయాయి. కాన్పుకి వచ్చినవాళ్లకి కంప్యూటర్ ఒకటే సమాధానం చెప్పేది. ‘మంచాలు ఖాళీ లేవు. రిఫర్ చేయండి.’ ఆ మూడు నెలల్లో వచ్చిన ఇద్దరినీ పట్నం పంపించాం. తొలి నొప్పుల్లోనే వచ్చారు కాబట్టి చేరారు. సింహాచలమ్మ గుడ్లు ఉడికించి, పచ్చసొన చిదిపి సీసాల్లో వేసేది. మొదట్లో ముద్దుగా వేసేది. తొమ్మిదో నెల వచ్చేసరికి సీసాల వైపు చూసే చూపు మారింది.

“మా పైడితల్లి కాడికి వచ్చీసరికి మీరు లెగాలర్రా” అనేది వాటితో. “సెప్పీసాను.”

ఆదర్శ ప్రసవగది అవార్డు మాకే వచ్చింది. ఇవ్వడానికి ఫల్గుణరావుగారే వచ్చారు. షామియానా, ఫొటోగ్రాఫరు, బ్యాటరీతో నడిచే పెద్ద లైటు. పట్నం అంబులెన్సుని కూడా బంతిపూలు కట్టి వాకిట్లో నిలబెట్టారు. పదిన్నరకి కరెంటు పోయింది. పదీ నలభైకి పైడితల్లి నడుము పట్టుకుని వచ్చింది. వెంట ఎవరూ లేరు. మొగుడు పనికి వెళ్లాడు, అత్త ఇక్కడే ఉంది కదా.

ఎస్తేరు రాణి వరండాలో బల్ల మీద పడుకోబెట్టి, దుప్పటి అడ్డం కట్టి పరీక్ష చేసింది. చేతి తొడుగులు విప్పుకుంటూ బయటికి వచ్చింది.

“గర్భాశయ ద్వారం ఏడు సెంటీమీటర్లు తెరుచుకుంది సార్. లోపలికి తీసుకెళుతున్నాను.”

“మంచాలు ఖాళీ లేవు కదా” అన్నారు ఫల్గుణరావుగారు. “రిఫర్ చేయండి. అదృష్టవశాత్తూ అంబులెన్సు సిద్ధంగా ఉంది.”

“ముప్ఫై ఒక్క కిలోమీటర్లు సార్.”

“నిండిన మంచం మీద రెండో రోగిని పడుకోబెట్టిన నర్సుని పోయినేడాది ఈ కార్యాలయమే సస్పెండ్ చేసింది. అవార్డు రోజున ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు.”

దుప్పటి వెనక నుంచి పైడితల్లి గొంతు వినిపించింది. “అత్తా... ఆ మలుపు కాడికి నన్ను తీసుకెల్లకే.”

సింహాచలమ్మ ఫల్గుణరావుగారి కాళ్ల మీద పడింది. “బావూ, ఆటిని నా నెత్తి మీద ఎట్టుకుంటాను. ఒక్క మంచం ఇప్పించు బావూ.”

“రోగులను నెత్తి మీద పెట్టుకునే నిబంధన లేదమ్మా” అన్నారాయన, బాధగానే.

ఎస్తేరు రాణి గిర్రున తిరిగి ప్రసవగదిలోకి వెళ్లి, నాలుగో మంచం దోమతెర ఎత్తి, నీలవేణి కేసు షీటు తీసింది.

“సార్, ఒకసారి రండి. కేసు సీరియస్.”

ఆయన వచ్చారు.

“పేరు నీలవేణి. నాలుగు నెలల్లో మూడు కాన్పులు అయ్యాయి, మళ్లీ నిండు నెలలు. భర్త లేడు. పాలిపోయి ఉంది. తోక దగ్గర నల్ల మచ్చ చూడండి, నిన్నటికి ఇవాళ్టికి రెండింతలైంది. పొద్దుటి నుంచి గుడ్డు ముట్టలేదు.”

“అంటే?”

“హై రిస్కు సార్. ఇక్కడ డాక్టరు లేరు, కరెంటు లేదు. కాన్పులో ఏమన్నా అయితే మాతృమరణం కింద రాయాలి.”

ఫల్గుణరావుగారి ముఖంలో రక్తం చిల్లుపడ్డ తొట్టెలో నీళ్లలా దిగిపోయింది. శిశుమరణాలు జిల్లాని రెండు మెట్లు దించుతాయి. ఒక్క మాతృమరణం అడుక్కి దించుతుంది.

“నా గదిలో... అవార్డు రోజున...” అన్నారు. మొదటిసారి ‘ఈ కార్యాలయం’ అనడం మరిచిపోయారు. “రిఫర్ చేయండి! వెంటనే!”

“చేశాను సార్. సంతకం కావాలి.” ఆవిడ అప్పటికే చీటీ రాసేసింది. “హై రిస్కు కేసుకి బాధ్యత గల మగదిక్కు ఒకరు తోడు వెళ్లాలని పోయిన ఉగాదికి మీరే ఉత్తర్వు ఇచ్చారు.”

ఆయన నావైపు చూశారు. “నేను కంప్యూటర్ దగ్గర ఉండాలి సార్” అన్నాను. డ్రైవరు తోడు మనిషి కింద లెక్కకి రాడు. ఫొటోగ్రాఫరు ఆ మాట వినకముందే షామియానా వెనక్కి వెళ్లాడు.

ఫల్గుణరావుగారు మగదిక్కు గడిలో సంతకం పెట్టారు. ఊరగాయ సీసా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని అంబులెన్సు ఎక్కారు. కిటికీలోంచి, “మెల్లగా పోనీ, కుదుపులు తగలకూడదు” అని డ్రైవర్‌తో అనడం వినిపించింది. పూలదండలతో, సైరనుతో అంబులెన్సు గేటు దాటింది.

నేను కంప్యూటర్ మూత తీశాను. అది దాని సొంత బ్యాటరీ మీద ఇంకో పావుగంట బతుకుతుంది. రిఫర్ చీటీ ఎక్కించగానే ‘నాలుగో మంచం ఖాళీ’ అని పచ్చగా వచ్చింది.

“సిస్టరూ, పచ్చ!” అని అరిచాను.

ఫొటోగ్రాఫరు లైటు లోపలికి లాక్కొచ్చాం. పదకొండూ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. పుట్టగానే ఏడవలేదు. ఎస్తేరు రాణి కాళ్లు పట్టి తిప్పి, వీపు నిమిరి, నోట్లో ఉమ్మనీరు గొట్టంతో లాగింది. మూడు సీసాల్లో మూడు చేపలు గాజుకి మూతులానించి నిలబడ్డాయి. అప్పుడు ఏడిచింది. సింహాచలమ్మ ఏడుపు దానికన్నా గట్టిగా వినిపించింది. ఎనభై ఏడు టోపీల్లో ఒక్కటి ఎవరి తలకో సరిపోవడం అది రెండోసారి.

ఏరియా ఆసుపత్రి నుంచి నాలుగో రోజున కాగితం వచ్చింది. ఆ నెల వాళ్లకీ లక్ష్యం రెండు తక్కువట. కేసుని సంతోషంగా చేర్చుకున్నారు. ‘ఘాట్ రోడ్డు మూడో మలుపు వద్ద అంబులెన్సులోనే సాధారణ ప్రసవం. శిశువులు పంతొమ్మిది. తల్లీబిడ్డలు క్షేమం.’

నెల తిరిగేసరికి పంతొమ్మిది జనన ధ్రువపత్రాలు జిల్లా కార్యాలయానికి టపాలో చేరాయి. పట్నం కంప్యూటర్ కొత్త రకం. తండ్రి పేరు లేకపోతే ముందుకి కదలదు. అక్కడి గుమాస్తా చీటీ తిరగేసి, మగదిక్కు గడిలో ఉన్న పేరు ఎక్కించాడు. పంతొమ్మిదింటి మీదా తండ్రి పేరు పొట్నూరు ఫల్గుణరావు.

కుటుంబంలో పంతొమ్మిది మంది పెరిగిన విషయం పై అధికారులకు ఎందుకు తెలియపరచలేదో వివరించమని ఆయనకి మెమో వచ్చింది. పేరు తీసేయమని ఆయన అర్జీ పెట్టుకున్నారు. తల్లి బొటనవేలి ముద్ర లేనిదే తీయడం కుదరదన్నారు.

పథకం రద్దయింది. మా మిగతా ముగ్గురినీ తర్వాతి కాన్పులకి అదే దారిన పట్నం పంపించాం. ఒక్కో కేసుకి ఒక మగదిక్కు కావాలి కదా, ఆ రోజు తనిఖీకి ఎవరొస్తే వాళ్లు. ఇప్పుడు తనిఖీలకి ఎవరూ రావడం లేదు.

ప్రసవగది సంగతి తేలడానికి మరో మూడు నెలలు పట్టింది. కాన్పులు మళ్లీ నెలకి రెండూ మూడూ. మూసేయమని ఉత్తర్వు వచ్చింది. నేను నిబంధనల పుస్తకం వెతికి జవాబు రాశాను. ‘రిఫర్ చేసిన రోగి తిరిగి చేరువరకు గానీ, మరణించువరకు గానీ, సదరు మంచమును, గదిని తొలగించరాదు.’ నీలవేణి పట్నంలో కులాసాగా ఉంది. ముద్ర పడదు, డిశ్చార్జి కాదు. గది మూయడానికి లేదు. ఉత్తర్వు వెనక్కి వెళ్లింది.

గప్పీ మహా అయితే రెండేళ్లు బతుకుతుందని కరపత్రం నాలుగో పేజీలో ఉండేది. ఎవరి కంటైనా పడుతుందేమోనని, దాచేద్దామని ఆ పేజీ కోసం వెతికాను. దొరకలేదు.

“అదేనా బావూ” అంది సింహాచలమ్మ, ఒళ్లో మనవరాలికి టోపీ సరిచేస్తూ. “సిస్టరమ్మే ఇచ్చింది. గుంటకి దిష్టి తీసి, ఉప్పూ మిరపకాయల్తో కలిపి కాల్చీసాను.”